నాడీ ప్రచోదనం: శరీరంలో కబురు నడిచే తీరు

నాడీకణాలు శరీరంలో ఒక చోటి నుంచి మరో చోటికి కబురు పంపడానికి వాడుకునే విద్యుత్ మార్పును నాడీ ప్రచోదనం అంటారు. కణం పొరకు లోపల, బయట ఉండే వోల్టేజి తేడా క్షణకాలం తారుమారై మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఆ తారుమారు పొర వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి పాకుతుంది. ఒక కణం నుంచి మరో కణానికి మాత్రం కబురు చాలావరకు రసాయన రూపంలో దాటుతుంది. చూపు, నొప్పి, నడక, ఊపిరి, ఆలోచన అన్నీ ఈ రెండు పద్ధతుల మీదే ఆధారపడి ఉన్నాయి.

తెలుగు వాడుకలో 'నరం' అనే మాట ఇక్కడ కొంత తికమక పెడుతుంది. ముంజేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేది, సూది గుచ్చి సెలైన్ ఎక్కించేది కూడా జనం నోట నరమే. నిజానికి అది సిర, రక్తనాళం. వైద్యుడు 'నాడి చూశాడు' అంటే చూసింది ధమని కొట్టుకోవడాన్ని. శరీరశాస్త్రంలో నరం అంటే నాడీకణాల పొడవాటి పోగులు వందలు, వేలు, కొన్నిచోట్ల లక్షలు కలిసి ఒక కట్టగా ఏర్పడినది. తెల్లటి నూలుతాడులా ఉంటుంది, నాళంలా బోలుగా ఉండదు.

నాడీకణం

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో వెలువడిన లెక్క. ఆకారాలు ఎన్ని రకాలైనా చాలా కణాల్లో మూడు భాగాలు కనిపిస్తాయి. కేంద్రకం ఉండేది కణదేహం. చెట్టు కొమ్మల్లా చీలి కబుర్లు అందుకునేవి డెండ్రైట్లు. కబురును దూరం మోసుకుపోయే ఒంటి పోగు ఆక్సాన్. దీన్నే పాఠ్యపుస్తకాల్లో తంత్రికాక్షం అంటారు. వెన్నుపాము అడుగుభాగంలో ఉన్న కణదేహం నుంచి పాదంలోని కండరం దాకా పోయే ఆక్సాన్ దాదాపు మీటరు పొడవుంటుంది. ఆ కణదేహాన్ని గోలీకాయంతగా ఊహిస్తే ఆక్సాన్ 200 మీటర్ల దూరం సాగుతుంది, లావు మాత్రం బాల్‌పెన్ రీఫిల్ పాటే.

ఇంత పొడవు పోగును పోషించడం చిన్న పని కాదు. ప్రొటీన్లు ఎక్కువ భాగం తయారయ్యేది కణదేహంలోనే. అక్కడి నుంచి కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్లు సరుకును రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్ల చొప్పున లాక్కుపోతాయి. అంటే వెన్నుపాము దగ్గర బయల్దేరిన సరుకు పాదం చేరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అదే దారిలో కబురు సెకనులో యాభయ్యో వంతులో చేరిపోతుంది. తెగిన నరం తిరిగి పెరిగే వేగం రోజుకు ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. మోచేయి దగ్గర తెగిన నరం అతికాక వేలికొసలకు స్పర్శ రావడానికి ఏడాది దాకా ఆగవలసి రావడానికి కారణం ఇదే.

ఈ కణాలను విడివిడిగా చూడడం 1873 వరకు సాధ్యం కాలేదు. ఆ ఏడాది ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీ వెండి లవణాలతో కణాలకు నల్లరంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిన్‌కు చెందిన సాంటియాగో రామోన్ ఇ కహాల్ అదే రంగుతో చూసి, నాడీకణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన వల కాదని, ప్రతిదీ విడి కణమేనని వాదించాడు. ఇద్దరికీ 1906లో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వేదిక మీద గోల్జీ చేసిన ప్రసంగం కహాల్ సిద్ధాంతాన్ని ఖండిస్తూ సాగింది. చివరికి నిలిచింది కహాల్ మాటే.

తీగతో పోలిక ఎక్కడ చెడుతుంది

1780లలో బొలోన్యా నగరంలో లుయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాలు విద్యుత్ తగిలితే ఎగిరిపడడం చూసి, ఆ ప్రయోగాలను 1791లో ప్రచురించాడు. అప్పటి నుంచి నరాన్ని కరెంటు తీగతో పోల్చడం అలవాటైంది. ఈ పోలిక సగం దారి దాకానే పనికొస్తుంది. రాగి తీగలో విద్యుత్ సంకేతం దాదాపు కాంతితో పోటీపడే వేగంతో పోతుంది. ఆక్సాన్ లోపల ఉన్నది రాగి కాదు, ఉప్పునీటి లాంటి ద్రవం. గొట్టం సన్నం, పైగా పొరలోంచి కారిపోతూ ఉంటుంది. సముద్రగర్భ టెలిగ్రాఫ్ కేబుల్ కోసం 1855లో విలియం థామ్సన్ రాసిన సమీకరణాలనే తర్వాతివారు నరానికి వర్తింపజేశారు. వాటి ప్రకారం సన్నటి ఆక్సాన్‌లో ఒక చోట పెట్టిన వోల్టేజి మిల్లీమీటరు దూరం పోకముందే మూడో వంతు దాకా పడిపోతుంది. కేవలం తీగే అయితే పాదం నుంచి బయల్దేరిన కబురు చీలమండ కూడా దాటదు.

వేగాన్ని కొలిచింది హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. నాడీ ప్రచోదనం వేగం కొలవడం మనిషి తరం కాదని ఆయన గురువు యోహానెస్ ముల్లర్ అనుకున్నాడు. హెల్మ్‌హోల్ట్జ్ 1850 ప్రాంతంలో కప్ప కాలి కండరాన్ని దాని నరంతో సహా వేరుచేశాడు. నరాన్ని ఒకసారి కండరానికి దగ్గరగా, మరోసారి దూరంగా ఉత్తేజపరిచి, కండరం ముడుచుకోవడానికి పట్టిన సమయాల తేడా చూశాడు. రెండు చోట్ల మధ్య దూరాన్ని ఆ తేడాతో భాగిస్తే సెకనుకు సుమారు 27 మీటర్లు వచ్చింది. అంటే గంటకు 97 కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద కారు వేగం. తీగలో పారే విద్యుత్తుకు ఇంత నెమ్మది తగదు. కాబట్టి నరంలో నడిచేది వేరే ఏదో అయి ఉండాలి.

విరామ స్థితి

ఆ వేరే ఏదో అర్థం కావాలంటే ముందు కణం ఊరకే ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. కణం పొర రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడింది, మందం మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా తక్కువ. విద్యుదావేశం ఉన్న అయాన్లు దానిలోంచి నేరుగా దూరలేవు. పొరలో అక్కడక్కడా గుచ్చుకుని ఉన్న ప్రొటీన్ ఛానళ్ల గుండానే పోవాలి. ఇవి చెరువు గట్టులోని తూముల లాంటివి. ఏ తూము ఏ అయాన్‌ను పోనిస్తుందో, దాని తలుపు ఎప్పుడు లేస్తుందో ముందే నిర్ణయమై ఉంటుంది.

పొరకు రెండు వైపులా ఉప్పుల పంపకం సమానంగా ఉండదు. కణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోళ్లు ఉంటే బయట నాలుగైదు మాత్రమే. సోడియం దీనికి తలకిందులు. బయట 145, లోపల 10 నుంచి 15. ఈ తేడాను నిలబెట్టేది సోడియం పంపు అనే ప్రొటీన్. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీతల నరాల్లో దీని పని పట్టుకున్నాడు. నోబెల్ అందింది నలభై ఏళ్ల తర్వాత, 1997లో. పంపుకు ఇంధనం ఏటీపీ. 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, అదే కాలంలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా వెలికితీసిన పదార్థం అదే. శరీరం బరువులో రెండు శాతమే ఉన్న మెదడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు తింటుంది. అందులో పెద్ద భాగం ఈ పంపులకే పోతుంది.

కణం ఊరకే ఉన్నప్పుడు తెరిచి ఉండే తూములు ఎక్కువగా పొటాషియంవే. లోపల కిక్కిరిసిన పొటాషియం కొద్దికొద్దిగా బయటికి జారుతుంది, పోతూ పోతూ ధనావేశాన్ని వెంట తీసుకుపోతుంది. దాంతో లోపలి వైపు బయటి కంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా మారుతుంది. దీన్ని విరామ శక్మం అంటారు. టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతు వోల్టేజి అంటే లెక్కలోకి రానిదనిపిస్తుంది. కానీ పొర అంత పల్చన కనుక అక్కడి విద్యుత్ క్షేత్రం మీటరుకు కోటి వోల్టుల స్థాయిలో ఉంటుంది. తూముల తలుపులను కదిలించేది ఈ బలమే.

క్రియాశక్మం

పొరలో ఒక చోట వోల్టేజి ఏ కారణం వల్లనైనా −70 నుంచి −55 మిల్లీవోల్టుల దగ్గరికి లేస్తే అక్కడి సోడియం తూములు తెరుచుకోవడం మొదలవుతుంది. సోడియం లోపలికి దూకుతుంది. దాంతో వోల్టేజి ఇంకా లేస్తుంది, ఇంకొన్ని తూములు తెరుచుకుంటాయి. ఈ ఉరవడి మిల్లీసెకను కన్నా తక్కువలో ముగిసేసరికి లోపలివైపు +40 దాకా పోయి ఉంటుంది. అప్పటికే సోడియం తూములు వాటంతట అవి మూసుకుంటాయి. కాస్త ఆలస్యంగా తెరుచుకునే పొటాషియం తూముల గుండా పొటాషియం బయటికి పోయి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఈ మొత్తం ఉబుకే క్రియాశక్మం.

ఒక చోట లోపలికి దూకిన ధనావేశం పక్కకు వ్యాపించి, పక్కనున్న పొర ముక్కను −55 దాటిస్తుంది. అక్కడ మళ్లీ అదే కథ. టపాకాయ వత్తి ఇలాగే కాలుతుంది. ఈ చివర పెట్టిన నిప్పు ఆ చివరికి 'ప్రవహించదు', ప్రతి చోటా ఆ చోటి మందే మండుతుంది. కాబట్టి ఎంత దూరం పోయినా నిప్పు సన్నగిల్లదు. తేడా ఏమంటే వత్తి ఒక్కసారే కాలుతుంది, ఆక్సాన్ ఒకటి రెండు మిల్లీసెకన్లలో మళ్లీ మండడానికి సిద్ధమవుతుంది. అప్పుడే మూసుకున్న సోడియం తూములు కాసేపు మొరాయించడం వల్లనే ప్రచోదనం వెనక్కి తిరగకుండా ముందుకే సాగుతుంది.

ప్రతి ప్రచోదనానికీ పంపు తిరిగి అయాన్లను సర్దుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. మేడ మీది ట్యాంకు నిండి ఉంటే కరెంటు పోయినా కుళాయిలో నీళ్లు వస్తాయి, మోటారు తర్వాత నింపుతుంది. పంపు ఆ మోటారు, తూము కుళాయి. ఒక్క ప్రచోదనానికి దాటే అయాన్లు మొత్తంలో అతి స్వల్పం. పంపును విషంతో ఆపేసినా లావాటి ఆక్సాన్ చాలాసేపు ప్రచోదనాలు పంపగలదని ప్రయోగాల్లో తేలింది.

సగం ప్రచోదనం, పెద్ద ప్రచోదనం అంటూ ఉండవు. హద్దు దాటితే పూర్తిగా పుడుతుంది, దాటకపోతే లేదు. మరి మెల్లగా తాకడానికి, గట్టిగా నొక్కడానికి తేడా ఎలా తెలుస్తుంది? ఎడ్గర్ ఏడ్రియన్ 1920లలో ఒంటి పోగు నుంచి సంకేతాలు నమోదుచేసి చూపినట్టు, ఒత్తిడి పెరిగే కొద్దీ పెరిగేది ప్రచోదనాల పరిమాణం కాదు, సెకనుకు వాటి సంఖ్య.

ఈ యంత్రాంగం బయటపడడానికి సాయపడింది స్క్విడ్ అనే సముద్రజీవి. దాని శరీరంలో అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా లావుండే ఆక్సాన్లు ఉన్నాయని 1936లో జె.జెడ్. యంగ్ గుర్తించాడు. కంటికి కనిపించే ఆక్సాన్ అది. 1939లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సముద్ర ప్రయోగశాలలో ఎలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ దానిలోకి సన్నటి గాజు గొట్టాన్ని నిలువునా దించి లోపలి వోల్టేజిని నేరుగా కొలిచారు. ప్రచోదనం వేళ వోల్టేజి సున్నాకు చేరి ఆగుతుందని యూలియస్ బెర్న్‌స్టైన్ 1902లో వేసిన అంచనా. అది సున్నాను దాటి ధనంలోకి దూసుకుపోయింది. వాళ్లు కారణం వెతికేలోపే యుద్ధం వచ్చిపడింది. తిరిగి మొదలైన పని 1952లో ఐదు వ్యాసాలుగా వెలువడింది. కేంబ్రిడ్జ్ కంప్యూటర్ ఆ సమయంలో పనిచేయకపోవడంతో హక్స్‌లీ సమీకరణాలను చేతితో తిప్పే లెక్కల యంత్రం మీద వారాల తరబడి సాధించాడు. తూముల గుణాల నుంచి లెక్కగట్టిన ప్రచోదన వేగం సెకనుకు 18.8 మీటర్లు, ఆక్సాన్‌లో కొలిచింది 21.2. అప్పటికి తూమును ఎవరూ చూడలేదు. ఒక్క తూము తెరుచుకుని మూసుకోవడాన్ని ఎర్విన్ నెహర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో నమోదుచేశారు. పొటాషియం తూము ఆకృతిని రాడెరిక్ మెకినన్ 1998లో చూపించాడు.

మయిలిన్, వేగం

పోగు లావైతే ప్రచోదనం వేగం పెరుగుతుంది. స్క్విడ్ ఎంచుకున్న దారి అదే. మనిషి కంటి నరంలో సుమారు పది లక్షల ఆక్సాన్లు ఉన్నాయి. అవన్నీ స్క్విడ్ ఆక్సాన్ లావున ఉంటే నరం ఒక్కటే అర మీటరు వెడల్పు అవుతుంది. వెన్నెముక ఉన్న జీవులు పట్టిన దారి వేరు. కొన్ని కణాలు ఆక్సాన్ చుట్టూ తమ పొరను పదుల చుట్లు చుట్టి మయిలిన్ అనే కొవ్వు తొడుగు వేస్తాయి. మెదడు, వెన్నుపాములో ఈ పని ఆలిగోడెండ్రోసైట్లది, బయటి నరాల్లో ష్వాన్ కణాలది. మిల్లీమీటరుకు అటూఇటూగా తొడుగు తెగి, చెరకు గడ కణుపులా ఆక్సాన్ బయటపడుతుంది. వీటికి రాన్వియర్ కణుపులని పేరు. సోడియం తూములు ఈ కణుపుల దగ్గరే గుంపుగా ఉంటాయి. తొడుగు ఉన్నంత మేర కరెంటు కారకుండా తీగలో లాగే చప్పున పోతుంది, కణుపు దగ్గర ప్రచోదనం మళ్లీ పుడుతుంది. తీగ పోలిక కాస్త నిజమయ్యేది ఇక్కడే. దీనివల్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉన్న పోగు కూడా సెకనుకు 100 మీటర్లు దాటగలదు.

శరీరంలోని పోగులన్నీ ఇంత వేగంగా ఉండవు. దోసె తిప్పుతూ వేలికొస పెనానికి తగిలిన సందర్భం చూస్తే తేడా తెలుస్తుంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటగానే చర్మంలోని నాడీ కొసల్లో టీఆర్‌పీవీ1 అనే తూము తెరుచుకుంటుంది. వేలి నుంచి వెన్నుపాముకు దూరం దాదాపు మీటరు. తాకిడి కబురు మోసే లావాటి పోగులు దాన్ని సెకనులో యాభయ్యో వంతులో చేర్చేస్తాయి. పల్చటి తొడుగు ఉన్న నొప్పి పోగులు సెకనుకు 20 మీటర్ల వేగంతో ఇరవయ్యో వంతులో అందిస్తాయి. వెన్నుపాము మెదడును అడక్కుండానే చేతి కండరాలకు ఆజ్ఞ పంపి చెయ్యి వెనక్కి లాగిస్తుంది. 'చురుక్కు'మనిపించడం ఈ నొప్పి పోగుల పనే. తొడుగే లేని సన్నటి పోగులు సెకనుకు మీటరు నడుస్తాయి. ఆగకుండా సలిపే 'మంట' ఒక సెకను వెనకగా వచ్చేది వాటి ద్వారా. చెయ్యి అప్పటికే పెనానికి దూరంగా ఉంటుంది.

మిరపకాయలోని క్యాప్సైసిన్ తెరిచేది కూడా ఇదే టీఆర్‌పీవీ1 తూమును. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ సంగతి కనిపెట్టింది, 2021లో నోబెల్ వచ్చింది. గుంటూరు కారం తగిలిన నాలుకనూ నిప్పు తగిలిన వేలినీ 'మండుతోంది' అని ఒకే మాటతో చెప్పే తెలుగువాళ్లు నాడీశాస్త్రం ప్రకారం తప్పు చెప్పడం లేదు.

నాడీసంధి

ఆక్సాన్ కొస తర్వాతి కణాన్ని తాకదు. మధ్య మిల్లీమీటరులో లక్షవ వంతుకు రెండు నుంచి నాలుగు రెట్లు సందు ఉంటుంది. ఈ కూడలికి 1897లో చార్లెస్ షెరింగ్‌టన్ సినాప్స్ అని పేరు పెట్టాడు, తెలుగులో నాడీసంధి. సందును దాటేది విద్యుత్తా, రసాయనమా అన్న వాదన దశాబ్దాలు నడిచింది. ఒట్టో లోవి 1921లో ప్రచురించిన ప్రయోగం చాలా సాదాది. ఒక కప్ప గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరాన్ని ఉత్తేజపరిచి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో గుండె మీద పోశాడు. దాని నరాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా అదీ నెమ్మదించింది. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్. విద్యుత్ పక్షానికి పెద్దదిక్కైన జాన్ ఎకిల్స్ 1951లో తన ప్రయోగమే తనకు ఎదురు తిరగగా పక్షం మార్చుకున్నాడు. కొన్నిచోట్ల కణాలు నేరుగా కలిసి విద్యుత్తునే పంచుకుంటాయని తర్వాత తేలింది కనుక, ఓడినవారి వాదన పూర్తిగా వమ్ము కాలేదు.

ప్రచోదనం ఆక్సాన్ కొసకు చేరగానే అక్కడి కాల్షియం తూములు తెరుచుకుంటాయి. కొసలో రసాయనం నింపుకుని ఉన్న చిన్న సంచులు కాల్షియం తగలగానే పొరకు అంటుకుని పగిలి, ఆ రసాయనాన్ని సందులోకి వదులుతాయి. ఒక్కో సంచిలో వేల అణువులుంటాయి. విడుదల ఎప్పుడూ సంచుల లెక్కనే జరుగుతుందని బెర్నార్డ్ కాట్జ్ 1950లలో కప్ప కండరం మీద చూపాడు. అవతలి కణంలోని గ్రాహకాలకు రసాయనం తగిలి అక్కడి తూములు తెరుచుకుంటాయి. మొత్తం ఆలస్యం అర మిల్లీసెకను. మెదడులో ఉత్తేజపరిచే ముఖ్య రసాయనం గ్లూటమేట్, అణచిపెట్టేది గాబా. ఒక నాడీకణానికి వేల సంధుల నుంచి 'కానీ', 'వద్దు' అనే రెండు రకాల కబుర్లూ అందుతాయి. ఆక్సాన్ మొదట్లో వాటి మొత్తం హద్దు దాటితేనే కొత్త ప్రచోదనం పుడుతుంది.

అణచివేత ఎంత ముఖ్యమో ధనుర్వాతం చూపిస్తుంది. ఆ బాక్టీరియా విషం గాయం దగ్గరి నరాల్లో చేరి, ఆక్సాన్ వెంట వెనక్కి ప్రయాణించి, వెన్నుపాములో 'వద్దు' అనే కబురు మోసే సంచులను బంధిస్తుంది. అడ్డుచెప్పేవారు లేక కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని ఒళ్లు విల్లులా వంగుతుంది. జబ్బుకు పేరు అందుకే వచ్చింది.

విషాలు, మందులు, వ్యాధులు

ఈ యంత్రాంగంలో ప్రతి మెట్టుకూ ఒక విషం ఉంది. ఎర్రతేలు విషం సోడియం తూములను మూసుకోనివ్వదు. నరాలు ఆగకుండా ప్రచోదనాలు పంపి రక్తపోటును, గుండెను అతలాకుతలం చేస్తాయి. మహారాష్ట్రలోని మహాడ్‌లో హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మాత్రతో దీనికి చికిత్స నిలబెట్టాడు. పంటి వైద్యుడు ఇచ్చే లిడోకేన్ అవే తూములను కాసేపు మూస్తుంది. నాగుపాము విషం కండరం మీది ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను కప్పేస్తుంది. కట్లపాము విషం ప్రధానంగా ఆక్సాన్ కొసనే దెబ్బతీస్తుంది. రెండింటిలోనూ ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి కండరాలు. సందులో ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే నియోస్టిగ్మిన్ నాగుపాము కాటులో సాయపడవచ్చు. కట్లపాము కాటులో వదిలేందుకు రసాయనమే కొరవడుతుంది కనుక అది పెద్దగా పనిచేయదు. పొలాల్లో వాడే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దీనికి ఎదురు వైపు నుంచి వస్తాయి. ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును కట్టేసి, సందును దానితో ముంచెత్తుతాయి. నోట నురగ, కుంచించుకుపోయిన కంటిపాప, కండరాల అదురు ఆ విషానికి గుర్తులు. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని మయిలిన్‌ను తినేస్తుంది. గీయాన్-బారే వ్యాధిలో దెబ్బ బయటి నరాలకు. కుష్ఠు బాక్టీరియా ష్వాన్ కణాల్లోనే కాపురం పెడుతుంది, మచ్చ మీద స్పర్శ తెలియకపోవడానికి మూలం అదే. మధుమేహంలో ముందుగా దెబ్బతినేవి అతి పొడవైన ఆక్సాన్లు. తిమ్మిరి, మంట అరికాళ్లలో మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతాయి.

ఆసుపత్రుల్లో నరాల వేగం కొలిచే పరీక్ష హెల్మ్‌హోల్ట్జ్ కప్ప మీద వాడిన లెక్కే. మణికట్టు దగ్గర, మోచేయి దగ్గర నరానికి చిన్న షాకు ఇచ్చి, బొటనవేలి కండరం స్పందించిన సమయాల తేడాతో దూరాన్ని భాగిస్తారు. ముంజేతిలో సెకనుకు 50 మీటర్లకు అటూఇటూ వస్తే మామూలే. మయిలిన్ పోతే వేగం పడిపోతుంది, ఆక్సాన్లే చనిపోతే వేగం కన్నా స్పందన ఎత్తు తగ్గుతుంది. చర్మం చల్లబడితే ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు రెండు మీటర్ల వేగం తగ్గి ఆరోగ్యమైన నరం కూడా జబ్బుదిలా కనిపిస్తుంది. అందుకే ఏసీ గదిలో చాలాసేపు కూర్చున్న రోగి చేతిని పరీక్షకు ముందు వెచ్చబరుస్తారు.